రంగు పోయిన నీళ్ళు

నా ఎంటెక్ ప్రాజెక్టు రిపోర్టులో కృతజ్ఞతల పేజీ ఒకటుంది. అందులో పదకొండు పేర్లున్నాయి. గైడు, విభాగాధిపతి, ఇద్దరు ల్యాబు అటెండర్లు, లైబ్రరీలో పాత జర్నళ్ళు వెతికిపెట్టిన ఆమె, చివరికి బైండింగ్ చేసిన అంగడి అతను కూడా ఉన్నాడు. ఆయన పేరు లేదు. ఆ రిపోర్టులో ప్రతి పట్టికా ఆయన పట్టిచ్చిన నీళ్ళ మీద, ఆయన కాల్చి ఇచ్చిన పొట్టు మీద చేసిందే. ఇప్పుడు ఇక్కడ పేరు రాస్తే ఆ తప్పేదో దిద్దుకున్నట్టు కనిపిస్తుంది. నేను చేసిన తప్పు అది ఒక్కటే అయితే దిద్దుకునేవాణ్ణి. కాబట్టి ఇక్కడా రాయను. ఆయన పనిచేసిన యూనిట్లో అందరూ ఆయన్ని మాస్టర్ అనేవాళ్ళు. నేనూ అదే అంటాను.

కుడతినిలో నేను పనిచేసే పవర్ ప్లాంటు ల్యాబులో ఒక మధ్యాహ్నం శాంపిల్ సీసాలు వరసగా పెట్టుకుంటుండగా ఈరమ్మక్క ఫోన్ చేసింది. బళ్ళారి బయట మాస్టర్ పనిచేసిన జీన్స్ వాషింగ్ యూనిట్లో ఆమె ప్యాంట్లకు మిగిలిన దారాలు కత్తిరించేది.

"ఇంజినీరప్పా, మాస్టర్ పోయినాడు. నాలుగు దినాలు జరమంట. నిన్న సందకాడ పానం పోయిందంట."

నేను చేతిలోని సీసాకు మూత బిగించాను.

"వింటాండావా?"

"వింటున్నా అక్కా."

"ఎవురో ఒకరు నీకు చెప్పల్ల కదా అని చేస్తి. ఆ పొట్టు పని మీరిద్దరే కదా చేసింది." గొంతు తగ్గించింది. "చేతులు మాత్రం అట్లే నీలంగా ఉండాయంట. పసుపు పూస్తే ఆకు రంగు తిరిగినాయంట. సూసినోల్లు చెప్పిరి."

ఫోన్ పెట్టేశాక నేను సీసాల మీద చీటీలు అంటించే పని పూర్తి చేశాను. అన్నీ సరిగానే అంటించాను. తర్వాత చూసుకుంటే అన్నిటి మీదా ఒకే నంబరు రాసి ఉంది.

*

మొదటిసారి ఆయన్ని చూసిన రోజు నా దగ్గర ఇవి ఉన్నాయి: లీటరు సీసాలు ఆరు, రబ్బరు తొడుగులు, థర్మామీటరు, ఆమ్లగుణం చూసే కాగితాలు, ఒక నోటుబుక్కు, కాలేజీ ఇచ్చిన ఉత్తరం. ఉత్తరం ఎవరూ అడగలేదు. యూనిట్ వెనక మురుగు కాలువ వంకలో కలిసే చోట వంగి సీసా ముంచుతున్నాను. వెనక నుంచి మాట వినపడింది.

"ఏం పడ్తాండావప్పా? చేపలా?"

యాభై దాటిన మనిషి. బక్కపలచగా, కాళ్ళకు గమ్‌బూట్లు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. నేను ప్రాజెక్టు సంగతి చెప్పాను. పంట వ్యర్థాలతో, అంటే వేరుశనగ పొట్టు లాంటివాటితో, ఈ నీళ్ళలోని రసాయన రంగు తీసేయొచ్చా అని చూడటం నా పని అన్నాను. ఆయన నా చేతిలోని సీసా తీసుకుని ఎండకు ఎత్తి చూశాడు.

"ఇవి మూడో కడుగు నీల్లు. వీట్లో ఏముండాది? సుమ్నే ఊరికే వచ్చి పట్టుకొని పోతే అయితదా. అసలైనవి పదకొండు గంటలకు ఇడుస్తారు. అంతదాక కూచో."

కూర్చున్నాను. ఆయనే టీ పంపించాడు. పదకొండు దాటాక కాలువ ముదురు నీలమైంది. ఆ తర్వాత ఏ రోజు ఏ గంటకు ఏ నీళ్ళు వస్తాయో ఆయన చెప్పినట్టే రాసుకుని, ఆ గంటలకే పట్టాను. నా పుస్తకాల్లో శాంపిల్ పట్టే పద్ధతి పద్నాలుగు అంశాలుగా ఉంది. అడిగి తెలుసుకో అనే అంశం వాటిలో లేదు.

ఆయన ఆ యూనిట్లో కలర్ మాస్టర్. ఏ ప్యాంటుకు ఏ రంగు, ఎంత పొడి, ఎంత వేడి, ఎంత ఉప్పు అన్నది ఆయన లెక్క. ఉప్పు లేకపోతే రంగు గుడ్డకు పట్టదు. అందుకని ప్రతి బ్యాచికీ ఉప్పు మూటలు భుజాన మోసుకొచ్చి తొట్లో కుమ్మరించేవాడు. చేతికి తొడుగులు వేసుకునేవాడు కాదు. తొడుగు వేసుకుంటే నీళ్ళ వేడి తెలియదనేవాడు. అందుకే రెండు చేతులూ మణికట్టు దాకా నీలం, గోళ్ళు నలుపు. నిమ్మకాయ, కిరసనాయిలు, బ్లీచింగు, అన్నీ రుద్ది చూశాడట. ఊళ్ళో పెళ్ళికి వెళ్తే అక్షింతలు వేసి తినకుండా వచ్చేసేవాడు.

"విస్తరి ముందర ఈ చెయ్యి పెడ్తే పక్కనోడు తినడప్పా. నన్ను సూస్తా కూచుంటాడు. వాని ఆకలి నేనెందుకు చెడగొట్టల్ల?"

ఎవరితోనూ చేతులు కలిపేవాడు కాదు. దండం పెట్టాల్సి వస్తే చేతులు జేబుల్లో పెట్టుకుని తల వంచేవాడు. కొత్తవాళ్ళు పొగరు అనుకునేవాళ్ళు.

చొక్కా ఎడమ జేబులో ఎప్పుడూ తెల్లగుడ్డ ముక్కలుండేవి. పాత పంచెను ఉడకబెట్టి, రెండు వేళ్ళ వెడల్పున చించి పెట్టుకున్నవి. ఏ నీళ్ళు చూడాలన్నా ఒక ముక్క ముంచి, పిండి, స్కూటరు హ్యాండిలు మీద ఆరేసేవాడు. ఆరాక ముంచని ముక్కను పక్కన పెట్టి, రెండిటినీ సూర్యుడికి అడ్డంగా పట్టుకుని చూసేవాడు. నాకు నవ్వొచ్చేది. మా ల్యాబులో రంగును కొలిచే యంత్రం ఉంది. ఒకసారి పందెం వేసుకుని పది శాంపిళ్ళు ఆయన గుడ్డతో, నేను యంత్రంతో తక్కువ నుంచి ఎక్కువకు వరస పెట్టాం. తొమ్మిది కలిశాయి. ఒకటి తేడా వచ్చింది. మర్నాడు మళ్ళీ చూస్తే, నేను వాడిన గాజు గొట్టం మీద నా వేలిముద్ర ఉంది.

"మిషన్‌కి కూడా అప్పుడప్పుడు మొగం కడగల్లప్పా" అన్నాడు.

నీలాలకు ఆయన పెట్టుకున్న పేర్లు ఎనిమిది నేను రాసుకున్నాను. పోలీసు నీలం, బడి నీలం, సిరా నీలం, గాయం నీలం, ఇంకా నాలుగు. గాయం నీలమంటే దెబ్బ తగిలిన మూడో రోజు తొడ మీద కనిపించేది. ఏ రంగు గురించి మాట్లాడినా చివర ఒక మాట అనేవాడు: "మనిషి దాంకుంటాడు. రంగు దాంకోదు." మేనేజరు అబద్ధం చెప్పినా ఇదే మాట. టీలో పాలు తక్కువైనా ఇదే మాట.

*

ఆయన నాకెందుకు సాయం చేస్తున్నాడో రెండు నెలల దాకా తెలియలేదు. ఒక ఆదివారం స్కూటరు మీద తన ఊరికి తీసుకెళ్ళాడు. కురుగోడు వైపు, అరగంట దూరం. దారిలో వంక మీద కల్వర్టు దగ్గర ఆపి, కిందికి వంగి చూశాడు.

"ఇది శుక్రారం బ్యాచి. నల్ల ప్యాంట్లది. నేనే ఏసింటి."

తన ఎద్దు వేరేవాళ్ళ చేలో పడటం చూసిన రైతులా అన్నాడు. 

ఊళ్ళో అన్నదమ్ములిద్దరివీ ఒకే గోడకు అటూ ఇటూ ఇళ్ళు. ఆయనకు పిల్లలు లేరు. భార్య చాలా ముందే పోయింది. వంక పక్కన ఇద్దరికీ కలిపి పది గుంటెల చేను, అంటే పావు ఎకరం. అందులో బావి. సాగు కాలువ నీళ్ళు ఆ చివరికి రావు కాబట్టి ఆ బావే ఆధారం. తమ్ముడు సాగు చేసేవాడు, ఆయన పట్నంలో ప్యాంట్లకు రంగు వేసేవాడు. వంకలో నీలం నీళ్ళు మొదలైన కొన్నేళ్ళకు బావిలోనూ నీలం దిగింది. ఒక పొద్దున తమ్ముడు ఆ బావి నుంచి ఒక బకెట్ తోడుకొచ్చి, అన్న గడప ముందు పెట్టి, "నీదే కదా, తీసుకో" అని వెళ్ళిపోయాడు. చేను బీడు పెట్టి కూలికి పోవడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఎనిమిదేళ్ళుగా అన్నతో మాట లేదు. ఏదైనా చెప్పాల్సి వస్తే గోడవైపు తిరిగి భార్యకు చెప్తాడు, ఈయన వింటాడు.

"బకెట్లో సూస్తి కదా" అన్నాడు మాస్టర్. "బడి నీలం. ఇస్కూలు పిల్లోల్ల ప్యాంట్ల ఆర్డరుది. కాదని ఎట్లంటాను?"

"ఈ పొట్టు పనితో మీకేం కావాలి మాస్టర్?"

బీడు పడిన చేను వైపు చెయ్యి చూపించాడు.

"మా తమ్ముడు ఈ పది గుంటెలు మల్ల దున్నల్ల. 'అన్నా, నీల్లు ఇడుద్దామా' అనల్ల. అంతే ఇంజినీరప్పా."

*

మేం ప్రయత్నించినవి వరసగా చెప్తాను. వరి ఊక రంగును పట్టలేదు. పత్తి కట్టె పొడి కొంచెం పట్టి ఆగిపోయింది. పొద్దుతిరుగుడు పూల ఎండు తలలు నీళ్ళలో ఉబ్బి, మూడో రోజుకు కంపు కొట్టాయి. మొక్కజొన్న బెండు పట్టింది కానీ చాలా కావాలి. చింతగింజల పొట్టు వేస్తే నీళ్ళు ఎర్రగా అయ్యాయి. "ఒక రంగు తీయమంటే ఇంగోటి ఇచ్చె ఇది, యాపారం తెలిసింది" అన్నాడాయన. పచ్చి వేరుశనగ పొట్టు సగం పనిచేసింది. గాలి ఆడకుండా కాల్చి బొగ్గు చేసిన వేరుశనగ పొట్టు మాత్రం రంగును మింగేసింది.

కాల్చడం ఆయన విద్య. వాళ్ళమ్మ పుట్టింటివాళ్ళు సర్కారు జాలి ముళ్ళచెట్లు కొట్టి బొగ్గు కాల్చేవాళ్ళట. మా ల్యాబు కొలిమిలో ఒకసారికి చారెడు పొట్టు పడుతుంది. ఆయన ఖాళీ ఇనుప డ్రమ్ముకు కింద చిల్లులు పెట్టి, మిల్లు నుంచి తెచ్చిన పొట్టు నింపి, నిప్పు పెట్టేవాడు. నేను వేడి ఎంతుండాలో చెప్పేవాణ్ణి. ఆయన పొగ చూసేవాడు. తెల్లగా, చిక్కగా వచ్చినంతసేపూ ఊరుకుని, పలచబడి నీలం తిరగ్గానే మూతపెట్టి బురద మెత్తేవాడు. ఆయన డ్రమ్ము బొగ్గుకు, నా కొలిమి బొగ్గుకు తేడా నా యంత్రానికి తెలియలేదు.

వంక పక్కన, తమ బీడు చేలోనే, సిమెంటు రింగులు దింపి మూడు తొట్లు కట్టాడు. అడుగున కంకర, పైన ఇసుక, ఆ పైన పొట్టు బొగ్గు. వంక నీళ్ళు ఇంజనుతో మొదటి దాంట్లోకి ఎక్కించి, ఒకదాని నుంచి ఒకదానికి మెల్లగా దింపేవాడు. యూనిట్లో అందరికీ తెలిసిపోయింది. ఈరమ్మక్క నోటికి పని దొరికింది.

"మాస్టర్ పొద్దునంతా రంగు కలిపేది, ఆదివారం అదే రంగు తీసేది. నువ్వు ఇంట్లోనే పండుకుంటే రెండు పనులూ మిగుల్తాయి కదప్పా."

"నేను పండుకుంటే ఇంగోడు కలుపుతాడు. వాడు తీయడు" అన్నాడాయన.

ఈరమ్మక్క మళ్ళీ కత్తెర తీసుకుంది. 

మొదటి చిక్కు వానాకాలంలో వచ్చింది. కొన్ని వారాలయ్యాక బొగ్గు రంగు పట్టడం మానేస్తుంది. దాన్ని తీసి కొత్తది నింపాలి. తీసిన నీలం బొగ్గు గట్టు మీద కుప్ప పోశాడు. ఒక సాయంత్రం పెద్ద వాన కొట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. కుప్ప కింద నుంచి నీలం చారలు బయల్దేరి, గట్టు దిగి, ఏ వంక నుంచి ఆ రంగు తీశామో ఆ వంకలోనే కలిశాయి. ఆయన తడుస్తూ చూశాడు.

"ఆడ ఉన్నది తీసి ఈడ పెట్టినాం. అంతే కదా మనం చేసింది."

వాడిన పొట్టును ఏం చేయాలన్నది రిపోర్టులో చివరి అధ్యాయంలో వస్తుందని చెప్పాను. నిజంగానే రాశాను. 'భవిష్యత్తులో చేయవలసిన పని' అనే శీర్షిక కింద మూడో వాక్యం అది. ఆయన కుప్ప మీద టార్పాలిన్ కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. కుప్ప పెరిగేకొద్దీ టార్పాలిన్లు పెరిగాయి.

*

ఒక రోజు ఆయన మా కాలేజీకి వచ్చాడు. ఉతికిన తెల్లచొక్కా, చేతిలో అయిదు లీటర్ల క్యాను. ల్యాబు గుమ్మం దగ్గర చెప్పులు విడిచాడు. జేబులో నుంచి రెండు గుడ్డ ముక్కలు తీసి బల్ల మీద పెట్టాడు. ఏది ముంచిందో ఏది ముంచనిదో నాకు తెలియలేదు.

"మూడో తొట్టి నుంచి వచ్చిన నీల్లు. మీ మిషన్ ఏమంటాదో సూడు."

చూశాను. యంత్రం కూడా రంగు లేదంది. నా నోటుబుక్కులో ప్రతి శాంపిల్‌కూ నిలువు గడులు అయిదు. తేదీ, రంగు, ఆమ్లగుణం, వేడి, కరిగిన లవణాలు. అయిదో గడి నా ప్రాజెక్టుకు అవసరం లేదు. ల్యాబు ఫారంలో ఉంది కాబట్టి నింపేవాణ్ణి. లవణాలు చూసే చిన్న మీటరు నీళ్ళలో పెడితే అంకెలు ఎక్కి ఎక్కి, పరిమితి దాటిందన్న గుర్తు చూపించి ఆగిపోయింది. ఆ గుర్తు అలాగే అయిదో గడిలో రాశాను. తెలియక రాయలేదు. బొగ్గు రంగును పట్టుకుంటుంది, కరిగిన ఉప్పును పట్టుకోదు. ఆ సంగతి నాకు ప్రాజెక్టు మొదలుపెట్టకముందే తెలుసు.

"నీల్లు బాగుండాయా ఇంజినీరప్పా?"

"రంగు పూర్తిగా పోయింది మాస్టర్."

ఆయన అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. ముప్పై ఏళ్ళు రంగుల్లో బతికిన మనిషికి ఆ రెండూ ఒకటే. నాకు కావు. ఆయన కుడిచెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నాడు. గరుకుగా, వెచ్చగా ఉంది. అది ఆయన ఎవరికైనా చెయ్యి ఇవ్వగా నేను చూసిన ఒకే ఒక్కసారి.

ఎందుకు చెప్పలేదని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగి కారణాలు రాసుకున్నాను. ఒకటి, నా ప్రాజెక్టు శీర్షికలో ఉన్నది రంగు తొలగింపు, ఉప్పు కాదు. రెండు, గైడు నడవాలో నిలబడి చివరి ప్రతి అడుగుతున్నాడు. మూడు, ఆయన ముఖం అలా ఉన్నప్పుడు మీటరు మాట ఎత్తబుద్ధి కాలేదు. మూడూ నిజమే. మూడూ కలిపినా చాలవు.

చేలో నీళ్ళు వదిలిన రోజు నన్ను పిలిచాడు. తొట్లలో రంగు పోవడం చూసి తమ్ముడు దున్ని, మిరప నారు నాటి సిద్ధంగా ఉన్నాడు. అన్న కంటే పొడుగు, మాట తక్కువ. మూడో తొట్టి నుంచి తేటగా నీళ్ళు బోదెలోకి వచ్చాయి. తమ్ముడు పారతో గండి కొడుతూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అన్నా, ఆ తట్టు మన్ను తియ్యి."

మాస్టర్ తీశాడు. నా వైపు చూడలేదు. ఒక్క గండికి అంత మన్ను తీయనక్కర్లేదు. తీస్తూనే ఉన్నాడు.

"చాలు లే అన్నా. బాయి తవ్వుతాండావా ఏంది?" అన్నాడు తమ్ముడు.

వాళ్ళ గేదె వచ్చి బోదెలో మూతి పెట్టింది. పెట్టి, ఎత్తి, పెదవులు ఆడించి, ఇంటి తొట్టి వైపు నడిచిపోయింది.

"దానికి నీలం నీల్లు అలవాటు" అన్నాడు మాస్టర్. "తెల్లవి సూసి బెదిరె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ గేదెకు తెలిసింది నాకూ తెలుసు. ఆ రోజైనా చెప్పి ఉండవచ్చు.

*

నాకు ఉద్యోగం వచ్చింది. కొన్ని వారాలకు ఆయన ఫోన్ చేశాడు.

"ఆకు అంచు కాలినట్ల అయితాండాది ఇంజినీరప్పా. తెగులా అంటే తెగులు మాదిరి లేదు. ఒకపారి వచ్చి పోతావా?"

ఆదివారం వెళ్ళాను. మిరప మొక్కలు జానెడెత్తు కూడా ఎదగలేదు. ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి ముడుచుకున్నాయి. బోదెల గట్ల మీద, నీళ్ళు ఆరిన చోటల్లా, పిండి చల్లినట్టు తెల్లని పూత. తమ్ముడు దూరంగా గట్టు మీద నిలబడి ఉన్నాడు. నేను వేలితో ఆ తెలుపు తీసి నాలుకకు రాసుకున్నాను. అవసరం లేదు. అయినా రాసుకున్నాను.

"ఉప్పు మాస్టర్."

"యాడి ఉప్పు?"

"తొట్లో వేసే ఉప్పు. రంగును పొట్టు పట్టుకుంటుంది. ఉప్పు నీళ్ళతోనే వచ్చేస్తుంది."

"నేనేసిన ఉప్పా?"

నేను తల ఊపాను. ఆయన బోదె పక్కన కూర్చుని, తెల్లని మన్ను అరచేతిలోకి తీసుకున్నాడు. నీలం చేతిలో అది ఇంకా తెల్లగా కనిపించింది.

"దినామూ మూటలు మూటలు మోసి ఏస్తా ఉంటి. అది మల్ల యాడికి పోతాదని ఒక దినం కూడా అనుకోలే. ఉప్పు మురికి ఎట్లయితాదప్పా? అన్నంలో ఏసుకుంటాం కదా."

తర్వాత నా వైపు తిరిగి, నన్ను ఓదారుస్తున్నట్టు అన్నాడు.

"నీకు మాత్రం ఏం తెలుసు లే. నువ్వూ నా మాదిరే రంగే సూస్తివి."

నేను ఔననలేదు, కాదనలేదు. తమ్ముడు గట్టు దిగి వచ్చాడు. అన్న అరచేతిలోని మన్ను చూశాడు. పార భుజాన వేసుకుని ఇంటివైపు నడిచాడు. ఆయన "తమ్ముడా" అని ఒకసారి పిలిచాడు. అతను ఆగలేదు.

ఆ తర్వాత నేను మాస్టర్ని ఒక్కసారే చూశాను. కాలుష్య బోర్డు అధికారులు వచ్చి ఆ యూనిట్‌కు తాళం వేశారు. పని లేదు. బళ్ళారి బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఏ బస్సుకని అడిగితే, ఏ బస్సుకూ కాదు, ఇంట్లో గోడ అవతల నుంచి మాటలు వినపడతాయి, తనతో కాదు, అందుకని ఇక్కడికి వస్తానన్నాడు. చొక్కా జేబు ఖాళీగా ఉంది.

"గుడ్డ ముక్కలు లేవా మాస్టర్?"

"ఇంగెందుకప్పా. అవి సూస్తే ఏం తెలుస్తాది?"

టీ ఇప్పిస్తానంటే వద్దన్నాడు. ఆ రోజు కూడా నాకు చెప్పడానికి వీలుంది. పక్కనే ఖాళీ కూడా ఉంది, కూర్చోవచ్చు. బస్సు వచ్చిందని వెళ్ళిపోయాను. నిజంగానే వచ్చింది.

*

మాస్టర్ పోయిన మూడో రోజు, పాలు పోసే దినాన, ఊరికి వెళ్ళాను. కర్మ చేసింది తమ్ముడే. గుండు మీద ఎండ పడుతూ, తడి పంచెతో ఉన్నాడు. నన్ను చూసి చేను వైపు నడిచాడు. నేను వెనక వెళ్ళాను. పది గుంటెలూ తెల్లగా ఉన్నాయి. మిరప పీకేసిన గుంటల్లో కూడా తెలుపే. వంకలో నీళ్ళు నీలంగానే పారుతున్నాయి. ఒక యూనిట్ మూస్తే ఇంకొకటి తెరిచినట్టుంది.

"దీనికి మీ సదువులో ఏమన్నా ఉండాదా సార్? ఈ ఉప్పు పోయేటందుకు?"

ఉంది. చెప్పాను. ఒకటి, జిప్సం చల్లి కలియదున్నాలి. రెండు, నీళ్ళు కిందికి దిగిపోవడానికి లోతుగా కాలువలు తీయాలి. మూడు, మంచినీళ్ళు మోకాలి లోతున నిలగట్టి, ఇంకిపోనిచ్చి, మళ్ళీ నిలగట్టాలి. అలా చాలాసార్లు.

"మంచినీల్లు" అన్నాడు.

"అవును."

అతను వంకను చూడలేదు, బావిని చూడలేదు. చూడాల్సిన పని లేదు.

"ఆ మొదటి దినం తొట్టి నుంచి నీల్లు తెల్లగ వస్తానే ఇడుస్తానని మా ఇంటామెతో అంటి సార్, ఆయన వినేటట్ల. నారు ఎండిపోతాండె. మాయన్నే ఇడవనీలే. 'ఉండప్పా, ఇంజినీరప్పను అడిగొస్తా, ఆయప్ప సూసి బాగుండాయంటేనే గండి కొట్టు' అనె. నువ్వు పరీచ్చలని దొరకలేదంట. పదకొండు దినాలు కడవలతో నారుకు పోసుకున్యాం. మల్ల వచ్చి, నువ్వు బాగుండాయన్యావని చెప్పె."

పదకొండు రోజులు. ఆ రోజుల్లో నేను రిపోర్టుకు పేజీ నంబర్లు వేస్తున్నాను.

"నాకు ఆ రోజే తెలుసు" అన్నాను. "నీళ్ళలో ఉప్పుందని. పుస్తకంలో రాసుకున్నాను కూడా. ఆయనకు చెప్పలేదు."

అతను నా ముఖం చూశాడు. తిడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

"మాయన్నకు తెలుసునా? నీకు తెలిసిండాదని?"

"తెలీదు. ఆయన ఉన్నప్పుడు చెప్పలేదు."

అతను గట్టు మీద కూర్చున్నాడు. ఇంటి దగ్గర నుంచి ఎవరో పిలిచారు. 

"జరమొచ్చినప్పుడు గోడ అవతల మూలుగుతాండె" అన్నాడు. "నాకు వినపడ్తానే ఉండె. మా ఇంటామెతో గంజి పంపితి. నేను పోలే. నిన్ను అడగకనే అడిగినానని చెప్పినాడా, తెలిసే నాశనం చేసినాడా అని నా కోపం. రెండోపారి నా సేను చంపె కదా అని."

మళ్ళీ పిలిచారు. లేచి, పంచె దులుపుకున్నాడు. తెల్లని మన్ను పోలేదు. తడి పంచెకు అంటుకుంది.

"ఇది నాకు చెప్పకుండా ఉండల్సింది సార్ నువ్వు" అన్నాడు. "ఇన్ని దినాలూ ఆయన తప్పే అనుకొని ఉంటి. ఇప్పుడు నాదయిపాయ."

నన్ను అక్కడే వదిలి, పాలు పోయడానికి వెళ్ళాడు.